పదహారో వంతు రైలింజను

లేతు మిషను మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పాఠకుడు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. పాత ఆవిరి రైలింజను డ్రాయింగులు తీసుకుని, అందులోని ప్రతి కొలతనూ 16తో భాగించి, అదే ఆకారంలో తయారుచేసి, పొయ్యిలో బొగ్గు వేసి వెలిగిస్తే అది నడుస్తుందా అని ఆయన సందేహం. నడవదు. కానీ దాదాపు అదే పరిమాణంలో, నిజంగా బొగ్గు మండించి, నీళ్లు మరిగించి, వెనుక బండి మీద మనుషులను కూర్చోబెట్టుకుని లాగే ఇంజన్లను పెరటి షెడ్డులో సొంత చేతులతో తయారుచేసుకునేవారు బ్రిటన్‌లో వందేళ్లకు పైగా ఉన్నారు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చూద్దాం.

ఆవిరి పిస్టన్‌ను ఎలా నెడుతుందో, ఆ కదలిక చక్రానికి ఎలా అందుతుందో బడి పుస్తకాల్లోనే ఉంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. అసలు చిక్కు లెక్కలో ఉంది. పొడవులు 16వ వంతు అయితే వైశాల్యాలు 256వ వంతు అవుతాయి. ఘనపరిమాణాలు, వాటితోపాటు బరువులు 4,096వ వంతు అవుతాయి. అంటే ఇంజనులోని రాశులన్నీ కలిసి ఒకే మెట్టు దిగవు: కొన్ని ఒక మెట్టు, కొన్ని రెండు, కొన్ని మూడు మెట్లు దిగితే, మరికొన్ని ఉన్నచోటు నుంచి కదలనే కదలవు. నీటి తలతన్యత, బొగ్గు మండే వేడి, రాగి దృఢత్వం మన డ్రాయింగును చూసి తగ్గేవి కావు. ప్రకృతిని స్కేలుకు కుదించలేమనే మాట మోడల్ ఇంజన్లు చేసేవారి నోట తరచు వినిపించేది ఇందుకే.

మన పెద్దవాళ్లకు బాగా గుర్తుండే డబ్ల్యూపీ ఇంజనునే లెక్కకు తీసుకుందాం. 1947లో మన బ్రాడ్‌గేజి మీదకు వచ్చిన, తూటా ముక్కులాంటి ముందుభాగం ఉన్న ఇంజను అది. దాని సిలిండరు వ్యాసం 20¼ అంగుళాలు, పిస్టన్ నడక 28 అంగుళాలు, నడిపే చక్రాల వ్యాసం 67 అంగుళాలు, బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 210 పౌండ్లు. వీటినుంచి వచ్చే లాగుడు బలం సుమారు 30,600 పౌండ్లు, అంటే దాదాపు 13,900 కిలోలు. నడిపే చక్రాల మీద పడే బరువు సుమారు 55 టన్నులు. (దీన్ని సరిగ్గా 16వ వంతుకు కుదిస్తే పట్టాల మధ్య దూరం 4⅛ అంగుళాలు వస్తుంది. మోడల్ ఇంజన్లకు సాధారణంగా వేసే పట్టాలు 3½ లేదా 5 అంగుళాలవి కాబట్టి అది ఎక్కడా ఇమడదు. లెక్కకు మాత్రం అడ్డు లేదు.) చక్రాల మీది బరువు 4,096వ వంతుకు, అంటే సుమారు 13½ కిలోలకు పడిపోతుంది. లాగుడు బలం మాత్రం పిస్టన్ వైశాల్యం మీద ఆధారపడేది కనుక 256వ వంతుకే తగ్గుతుంది. పీడనాన్ని మోడల్ బాయిలర్లకు మామూలైన 80 పౌండ్లకు దించినా ఆ బలం ఇంకా 20 కిలోలు ఉంటుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారకుండా ఉండాలంటే లాగుడు బలం ఆ చక్రం మోసే బరువులో నాలుగో వంతు దాటకూడదు. ఇక్కడ ఆ హద్దు మూడున్నర కిలోలు కూడా లేదు. సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటరును పూర్తిగా తెరిస్తే ఈ ఇంజను ముందుకు ఉరకదు, ఉన్నచోటనే చక్రాలు గిరగిర తిప్పుతుంది.

చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయడం చూసి దాని కండరాల్లో ఏదో మహత్తు ఉందనుకుంటాం. మహత్తేమీ లేదు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, ఒంటి బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటాయి కాబట్టి, ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బలం పక్కకే తక్కెడ మొగ్గుతుంది. రాక్షసుడి ఎముకలు మన ఎముకల ఆకారంలోనే ఉంటే విరిగిపోతాయని గెలీలియో 1638లో రాసింది ఇదే తర్కాన్ని తిరగేసి. చిన్న ఇంజను ఒక చీమ. బాల్ బేరింగులున్న బండ్లను సమతలం మీద లాగడానికి వాటి బరువులో వందో వంతు బలం చాలనుకుంటే, ఆ మూడు కిలోల పట్టుతోనే అది ముగ్గురు పెద్దవాళ్లను తీసుకుపోగలదు.

బలం విషయంలో కలిసొచ్చిన ఇదే లెక్క వేడి విషయంలో పగ తీర్చుకుంటుంది. వేడి పోయేది ఉపరితలం నుంచి, వేడి నిలిచేది ఘనపరిమాణంలో. కాబట్టి చిన్న సిలిండరులో ప్రతి ఘనసెంటీమీటరు ఆవిరికీ పెద్దదానికంటే 16 రెట్లు ఎక్కువ గోడ తగులుతుంది. లోపలికి వచ్చిన ఆవిరిలో చాలాభాగం పని చేయకముందే గోడలకు తగిలి నీరైపోతుంది.

ఈ చిక్కును మొదట పట్టుకున్నవాడు జేమ్స్ వాట్, అదీ ఒక బొమ్మ ఇంజనులోనే. ఉడుకుతున్న కెటిల్ మూత ఎగరడం చూసి వాట్ ఆవిరి యంత్రం కనిపెట్టాడని పిల్లలకు ఇప్పటికీ చెబుతున్నాం. ఆ కట్టుకథ స్థానంలో అసలు జరిగింది చెబితే ఒక భౌతికశాస్త్ర పాఠమంతా దానిలోనే వచ్చేస్తుంది. 1763-64 శీతకాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు తమ దగ్గరున్న న్యూకోమెన్ యంత్రపు (ఆవిరిని సిలిండరులోనే చన్నీళ్లతో చల్లబరిచి నడిచే పాత ఆవిరి యంత్రం) నమూనాను బాగుచేయమని వాట్‌కు ఇచ్చారు. దాని సిలిండరు వ్యాసం 2 అంగుళాలు, పిస్టన్ నడక 6 అంగుళాలు. బాగుచేసినా అది నాలుగైదు సార్లు ఊగి ఆగిపోయేది. గనుల్లో ఆ రకం పెద్ద యంత్రాలు రాత్రింబవళ్లు నీళ్లు తోడుతుండగా దీనికే ఆవిరి ఎందుకు చాలడం లేదని వెతికితే, ప్రతి ఊపులోనూ చల్లబడే సిలిండరు గోడను మళ్లీ వేడెక్కించడానికే ఆవిరి ఖర్చవుతోందని, నమూనా చిన్నది కావడంవల్ల ఆ ఖర్చు మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తోందని తేలింది. ఆవిరిని సిలిండరు బయట, వేరే పాత్రలో చల్లబరచాలన్న ఆలోచన 1765లో అక్కడినుంచే వచ్చింది. ఇంటి షెడ్డులో ఇంజను చేసేవారికి ఆ ఉపాయం పనికిరాదు. వారు ఆవిరిని మళ్లీ పొయ్యి వేడిలోంచి తిప్పి, ఆరిన ఆవిరిగా మార్చి సిలిండరుకు పంపుతారు. అయినా బయల్దేరేటప్పుడు పొగగొట్టంలోంచి వేడినీటి తుంపర డ్రైవరు ముఖాన పడడం మామూలే.

తరువాతి పేచీ బాయిలరు గొట్టాలతో. పొయ్యిలోని వేడి వాయువులను నీటి మధ్యగా తీసుకుపోయే గొట్టాలు పెద్ద ఇంజన్లలో దాదాపు 50 మిల్లీమీటర్ల వ్యాసంతో, వందకు పైగా ఉంటాయి. పదహారో వంతుకు కుదిస్తే మూడు మిల్లీమీటర్ల సన్నగొట్టాలు వస్తాయి. వాటిలో గాలి సాగదు. సింగరేణి బొగ్గులాంటి బూడిద ఎక్కువున్న బొగ్గు వేస్తే కాసేపటికే పూడుకుపోతాయి. అందుకని తొమ్మిది, పది మిల్లీమీటర్ల గొట్టాలను పదో పదిహేనో పెడతారు. గొట్టం పొడవును లోపలి వ్యాసపు వర్గంతో భాగిస్తే, రెండూ అంగుళాల్లో తీసుకున్నప్పుడు, 50కీ 70కీ మధ్య సంఖ్య రావాలన్నది వారి అనుభవ సూత్రం. ఇంత చిన్న బాయిలరులో బొగ్గు మండి మనిషిని లాగడం సాధ్యమేనా అని 1920ల ఆరంభంలో ఇంగ్లండులో పెద్ద రగడే జరిగింది. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో రాసిన పాత రైల్వే ఉద్యోగి ఒకరు, రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే తన ‘అయేషా’ ఇంజనుకు బొగ్గు వేసి, మనిషిని లాగించి చూపించాకే, బొగ్గు బదులు స్పిరిట్ దీపాలతో నీళ్లు మరిగించాలన్న పక్షం వెనక్కి తగ్గింది.

నాకు అన్నిటికంటే ముచ్చటైనది నీటిమట్టం చూపే గాజుగొట్టం. బాయిలరులో నీరు తగ్గి పొయ్యి పైకప్పు బయటపడితే రాగి మెత్తబడుతుంది కాబట్టి డ్రైవరు ప్రాణం ఆ గాజులోనే ఉంటుంది. పెద్ద ఇంజనులో దాని లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లనుకుంటే, కుదించినది 0.7 మిల్లీమీటర్లకు వస్తుంది. అంత సన్నని గొట్టంలో నీరు కేశనాళికలో ఎగబాకినట్టు ఎగబాకుతుంది. 160 డిగ్రీల వేడినీటికి కూడా ఆ ఎగబాకుడు దాదాపు 3 సెంటీమీటర్లు. మొత్తం గాజే నాలుగు సెంటీమీటర్లుండే చోట, బాయిలరు అడుగంటుతున్నా గాజు నిండుగా కనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల గొట్టంలో కూడా 7 మిల్లీమీటర్ల అబద్ధం మిగులుతుంది. అందుకే స్కేలును పక్కనబెట్టి, దొరికినంత వెడల్పు గాజునే అమరుస్తారు.

చట్రం, చక్రాలు, సిలిండరుకు ఆవిరిని వేళకు అందించే వాల్వు గేరు లేతు పని తెలిసినవారికి ఓపిక పరీక్షలు మాత్రమే. బాయిలరు పని మాత్రం కంచరి, కంసాలి విద్యలు కలిసినది. రాగి రేకును ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి మెత్తబరచి, అచ్చు మీద అంచులు మలుస్తారు. నాలుగు దెబ్బలు పడగానే రాగి మళ్లీ బిరుసెక్కుతుంది కాబట్టి మళ్లీ కాల్చాలి. అతుకులకు వెలిగారం వంటిది పూసి, 600 నుంచి 700 డిగ్రీల మధ్య కరిగే వెండి టంకం పెడతారు. సీసం, తగరం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది; 80 పౌండ్ల ఆవిరే 162 డిగ్రీలుంటుంది కనుక దాన్ని నమ్మకూడదు. పది సెంటీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి గొట్టం ఈ పీడనాన్ని సునాయాసంగా భరిస్తుంది. వ్యాసానికీ మందానికీ ఉన్న నిష్పత్తే ముఖ్యం కాబట్టి స్కేలు ఇక్కడ మాత్రం చికాకు పెట్టదు. బలహీనమైనవి పొయ్యి చుట్టూ ఉండే చదును గోడలు. పది సెంటీమీటర్ల చదరం మీద 560 కిలోల తోపు పడుతుంది; రెండేసి సెంటీమీటర్లకు ఒక రాగి చీలతో లోపలి గోడనూ బయటి గోడనూ కట్టిపడేయకపోతే అవి బూరెల్లా ఉబ్బుతాయి.

ఆయుధపూజనాడు లేతుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మీద నాకు పట్టింపేమీ లేదు, కానీ బాయిలరుకు దిష్టి తీసే పద్ధతి ఒక్కటే: చన్నీళ్లతో పూర్తిగా నింపి, చేతిపంపుతో పనిపీడనానికి రెట్టింపు దాకా ఎక్కించి, ఎక్కడ చెమర్చిందో చూడడం. చన్నీళ్లు ఒత్తిడికి దాదాపు కుదించుకోవు కాబట్టి పగిలినా చిమ్మి ఊరుకుంటాయి. అదే 162 డిగ్రీల నీరైతే ఒక్క లీటరులోంచే దాదాపు 180 లీటర్ల ఆవిరి ఒక్కసారిగా పుట్టుకొస్తుంది.

ఇన్నీ అయ్యాక మిగిలేది చప్పుడు. ఇంజను చక్రం ఒకసారి తిరిగితే నాలుగు ‘చుక్’లు. డబ్ల్యూపీ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 21 చప్పుళ్లు చేస్తే, 106 మిల్లీమీటర్ల చక్రాలున్న మన బుల్లి ఇంజను పరుగెత్తే మనిషి వేగమైన 10 కిలోమీటర్లకే 33 చేస్తుంది. చెవికి అది తుమ్మెద ఝంకారంలా వినిపిస్తుంది. స్టేషను వదిలి బయల్దేరే డబ్ల్యూపీలా సెకనుకు నాలుగు చప్పుళ్లు విడివిడిగా వినాలంటే ఈ ఇంజనును గంటకు 1.2 కిలోమీటర్ల వేగం దగ్గర పట్టి ఉంచాలి. ఆ నెమ్మదిలో రెగ్యులేటరు మీద వేలు కాస్త అటూ ఇటూ అయినా చాలు, చీమకున్న ఆ మిగులు బలమంతా చక్రాల్లోకి వచ్చి, అవి ఉన్నచోటనే గిరగిర తిరిగిపోతాయి.