పసుపు అంగీ తొడిగితే చక్రవర్తి అయిపోడు: చైనా రాజదుస్తులపై అపోహలు - వాస్తవాలు

చారిత్రక సినిమాలకు కాస్ట్యూమ్స్ చేసే మాకు రిఫరెన్స్ పేరుతో వచ్చేవి చాలావరకు వేరే సినిమాల ఫొటోలే. అక్కడి తప్పు ఇక్కడికి ఆధారమవుతుంది. చైనా రాజుల బట్టల విషయంలో ఇది మరీ ఎక్కువ.

అపోహ: చక్రవర్తి అంటే ఎప్పుడూ పసుపే.
వాస్తవం: చైనా తొలి చక్రవర్తి ఛిన్ షి హువాంగ్ కాలంలో పెద్దపీట నలుపుది. ఛింగ్ వంశంలో (1644–1912) నిండు పసుపు చక్రవర్తికి, పట్టపురాణికి దక్కింది. అయినా పూజలకు రంగు మారేది: ఆకాశానికి నీలం, సూర్యుడికి ఎరుపు, చంద్రుడికి లేత నీలం.

అపోహ: డ్రాగన్ అంగీ వేసుకునే సింహాసనం ఎక్కుతారు.
వాస్తవం: ఛింగ్ పద్ధతిలో అది పండగలకూ వేడుకలకూ వేసేది. మహా కొలువుకు వేరే జత ఉంది: నడుము కింద కుచ్చిళ్లు, భుజాలపై రెక్కల్లా పరుచుకునే కాలర్. మామూలు రోజుల్లో సాదా బట్టలే. ఎవరు ఎప్పుడు ఏం వేసుకోవాలో ఛియన్‌లాంగ్ చక్రవర్తి 1759లో బొమ్మలతో సహా గ్రంథం చేయించాడు. అది తిరగేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

అపోహ: చక్రవర్తి అంగీపై కనిపించే డ్రాగన్లు ఐదే.
వాస్తవం: ముందు నుంచి చూస్తే ఐదు, వెనక నుంచి చూసినా ఐదు, మొత్తం మాత్రం తొమ్మిది! భుజాలపై ఉన్న రెండూ రెండు వైపులా లెక్కకొస్తాయి. ఎదపై ఒకటి, వీపుపై ఒకటి, కింద ముందు రెండు, వెనక రెండు. తొమ్మిదోది ముందు మడత లోపల దాక్కుంటుంది. ఎలాగూ కనపడదని చాలామంది దాన్ని కుట్టరు. నటుడు గుర్రం ఎక్కేటప్పుడు ఆ మడత తొలిగితే బోసి గుడ్డ బయటపడుతుంది. నేనైతే కుట్టించమంటాను, నిర్మాత విసుక్కున్నా సరే.

అపోహ: ఆ అంగీలపై మెరిసే బంగారు దారం మన జరీయే.
వాస్తవం: మన జరీలో పట్టు దారానికి చుట్టేది లోహపు తీగ. అక్కడ పల్చటి కాగితంపై బంగారు రేకు అంటించి, సన్నగా కోసి, దాన్ని పట్టు దారానికి చుట్టేవారు. కుట్టుపనిలో ఆ దారాన్ని గుడ్డలోంచి లాగరు, చిట్లిపోతుంది. గుడ్డపైనే పరిచి, వేరే సన్నటి దారంతో అక్కడక్కడా పట్టి కుడతారు. అందుకే దాని మెరుపు ఒకే తీరుగా ఉండదు. మెషిన్ కుట్టుకు వాడే ప్లాస్టిక్ దారం లైట్ల కింద రేకు డబ్బాలా తళతళలాడుతుంది. మేం పైన పల్చగా గోధుమ రంగు పూసి దాన్ని అణుస్తాం.

అపోహ: రాణుల తలపై అలంకారంగా కనిపించే ఆ పెద్ద నల్ల పలక ఛింగ్ కాలమంతా ఉంది.
వాస్తవం: అంత పెద్దది 19వ శతాబ్దం చివరి ఫ్యాషన్. ఛియన్‌లాంగ్ కథలో కనిపిస్తే కాలం తప్పినట్టే.