అమెరికా వీసా చట్టంలో ‘టెర్రరిజం’ క్లాజు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలో సెక్షన్ 212(ఎ)(3)(బి) అని ఒకటుంది. టెర్రరిస్టులతో సంబంధం ఉన్నవాళ్లను దేశంలోకి రానివ్వని నిబంధన. మేం లాయర్లం దీన్ని ‘ట్రిగ్’ అంటాం. బాంబులు పెట్టేవాళ్ల గొడవ మనకెందుకులే అనుకుంటారు చాలామంది. నా దగ్గరికొచ్చే ట్రిగ్ ఫైళ్లు మాత్రం ఎక్కువగా బాధితులవే.

అపోహ: జాబితాలో ఉన్న సంస్థ అయితేనే సమస్య.

జాబితా ఉన్నమాట నిజమే. ఎల్‌టీటీఈ 1997 నుంచి అందులో ఉంది. కానీ ఏ జాబితాకూ ఎక్కని ‘మూడో శ్రేణి’ సంస్థలూ ఉన్నాయి. ఇద్దరు మనుషులు కలిసి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా ఆయుధం వాడితే చాలు, అది నియంత మీద తిరుగుబాటైనా సరే. కేవలం సొంత డబ్బు కోసం తుపాకీ పట్టిన దొంగల ముఠా మాత్రం ఇందులోకి రాదు! దక్షిణాఫ్రికాలో తన పార్టీ అయిన ఏఎన్‌సీ కారణంగా మండేలాకు కూడా ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. 2008లో విడిగా చట్టం చేశాకే ఆ చిక్కు తీరింది.

అపోహ: బెదిరించి చేయించుకున్నది లెక్కలోకి రాదు.

వస్తుంది. ఎల్ సాల్వడార్‌లో గెరిల్లాలు ఒకామె కళ్లెదుటే భర్తను చంపి, ఆమెను ఎత్తుకెళ్లి, వంట చేయించారు, బట్టలు ఉతికించారు. అది ‘మెటీరియల్ సపోర్ట్’ (టెర్రరిస్టులకు సాయం చేయడం) కిందికే వస్తుందని 2018లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది. సాయం ఎంత చిన్నదైనా అంతేనంది. బలవంతం అనే మినహాయింపు చట్టంలో లేదని అదే బోర్డు 2016లోనే చెప్పింది. ఈ తీర్పులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

దారి అసలే లేదని కాదు. బలవంతం మీద సాయం చేసినవాళ్లకు 2007 నుంచి ప్రభుత్వం తన విచక్షణతో విడిగా ఎగ్జెంప్షన్ (సడలింపు) ఇస్తోంది. అయితే దానికి వేరే ఫారం లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం.

అపోహ: వీసా ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్పు (వీసా అప్పటికి ఇవ్వలేదని చెప్పే కాగితం) ఇచ్చారంటే ఈ క్లాజు తగిలినట్టే.

కాదు. కాగితాలు తక్కువైనా, ఇంకా పరిశీలించాల్సి ఉన్నా అదే స్లిప్పు ఇస్తారు. దానికి టెన్షన్ పడకండి.

అపోహ: వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో టెర్రరిజం ప్రశ్నలకు ‘నో’ కొట్టేస్తే సరిపోతుంది.

ఇది అన్నిటికన్నా ప్రమాదం. తెలిసి దాచారని తేలితే అబద్ధం చెప్పినందుకే ఇంకో సెక్షన్ కింద జీవితాంతం నిషేధం పడొచ్చు. దాని బదులు ఎవరు అడిగారు, ఏమిచ్చారు, ఇవ్వకపోతే ఏం చేస్తామన్నారు, తప్పించుకునే వీలుందా అన్నవి ఇంటర్వ్యూకి ముందే లాయర్ దగ్గర కూర్చుని వివరంగా రాయించుకోండి.