ఆల్పీని: రెజిమెంటు నంబరు వెంట పోతే దారి తప్పుతారు (అపోహలు - వాస్తవాలు)

ఆల్పీని అంటే ఇటలీ సైన్యంలో కొండల్లో పోరాడే పదాతి దళం. కొన్ని కంపెనీలు కలిస్తే బెటాలియన్, కొన్ని బెటాలియన్లు కలిస్తే రెజిమెంటు. దీని చరిత్ర వెతికేవాళ్లు చాలామంది రెజిమెంటు నంబరు పట్టుకుని బయల్దేరతారు. 1975 దగ్గరికి వచ్చేసరికి ఆ దారం తెగిపోతుంది. చివరిదాకా తెగకుండా నడిచేది బెటాలియన్ పేరు.

అపోహ: కొండలెక్కడంలో ఆరితేరిన సేనాని ఒకాయన ఈ దళాన్ని పెట్టాడు.

వాస్తవం: ఆలోచన కెప్టెన్ జుసెప్పే పెరుక్కెత్తిది. ఆయన స్టాఫ్ ఆఫీసరు, ఆల్పీనిలో ఒక్కరోజూ పనిచేయలేదు. ఆయన వాదన చాలా సాదాది. యుద్ధం వస్తే కొండ లోయల కుర్రాళ్లు మైదానంలోని డిపోలకు దిగి, యూనిఫాం తొడుక్కుని, మళ్లీ పైకి ఎక్కాలి. ఈలోగా శత్రువు కనుమలు దాటేస్తాడు. అందుకని ఏ లోయ వాళ్లను ఆ లోయలోనే చేర్చుకుని అక్కడే కాపలా పెట్టాలి అన్నాడు. 1872 అక్టోబరు 15న నేపుల్స్‌లో రాజు సంతకం చేసిన ఉత్తర్వులో కొత్త దళం పెడుతున్నట్టు చాటింపేమీ లేదు. మిలిటరీ జిల్లాల సర్దుబాటు చాటున 15 కంపెనీలు పుట్టుకొచ్చాయి, అంతే.

అపోహ: మొదటినుంచీ రెజిమెంట్లే.

వాస్తవం: ముందు కంపెనీలు, 1875లో బెటాలియన్లు, 1882 నవంబరు 1న తొలి 6 రెజిమెంట్లు. ఏడోది 1887లో, ఎనిమిదోది 1909లో వచ్చాయి. అంటే తొలి పదేళ్లు రెజిమెంటన్న మాటే లేదు.

అపోహ: తొలి యుద్ధం ఆల్ప్స్ మంచులో.

వాస్తవం: ఇథియోపియాలో. 1896 మార్చి 1న ఆద్వా దగ్గర, నాలుగు కంపెనీలతో కూర్చిన ఒక బెటాలియన్.

అపోహ: బెటాలియన్ పేర్లు యుద్ధ విజయాలను బట్టి పెట్టినవి.

వాస్తవం: అవి ఊళ్ల పేర్లు. మొర్బెన్యో, తిరానో, ఎదోలో, జెమోనా, టొల్మెజ్జో. మొదటి ప్రపంచ యుద్ధంలో బలగం పెరిగినప్పుడు పాత పేర్లు చాలక, కొత్త బెటాలియన్లకు లోయల పేర్లు ('వాల్'), పర్వతాల పేర్లు ('మోంతే') పెట్టారు. పేరు ముందు ఈ రెండింట్లో ఒకటి ఉంటే దాని పుట్టుక చాలావరకు ఆ యుద్ధకాలానిదే.

ఊరి పేరుకు బరువూ ఎక్కువే. బెటాలియన్ నష్టపోతే ఒకే ప్రాంతంలో ఇంటింటా ఏడుపే. 1942 మార్చి 28న జెమోనా బెటాలియన్‌ను గ్రీసు నుంచి తెస్తున్న 'గలిలియా' ఓడను బ్రిటిష్ జలాంతర్గామి ముంచింది. అదే ఏడాది, కొత్త మనుషులతో నింపిన జెమోనా రష్యాకు బయల్దేరింది. కాగితం మీద ఒకే బెటాలియన్, వరుసలో నిలబడ్డ మొహాలు మాత్రం వేరు. లెక్కలు రాసేవాళ్లు ఇక్కడే పొరబడి, గ్రీసు యుద్ధం చేసినవాళ్లనే రష్యాకూ నడిపించేస్తారు.

అపోహ: టోపీ మీద ఈక అలంకారం.

వాస్తవం: అది హోదా చెబుతుంది. జవాన్లకు నల్లది, ఆఫీసర్లకు గోధుమరంగు గద్ద ఈక, మేజరు నుంచి పైవాళ్లకు తెల్లది. పాత ఫోటో చేతికొస్తే ఈక కంటే ముందు రెండు గుర్తులు చూడండి. బ్యాడ్జీ నడుమ గుండ్రంలో ఉన్నది రెజిమెంటు నంబరు. ఈక మొదట్లో ఉండే చిన్న కుచ్చు (నప్పీనా) రంగు బెటాలియన్‌ది: మొదటిదానికి తెలుపు, రెండోదానికి ఎరుపు, మూడోదానికి ఆకుపచ్చ, నాలుగోదానికి నీలం. 5 అంకె, ఎర్ర కుచ్చు కలిస్తే తిరానో. రంగు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, తెల్ల కుచ్చు ప్రతి రెజిమెంటులోనూ ఉంటుంది. పైగా నలుపు-తెలుపు ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. అలాంటప్పుడు ఊహించి రాయకండి, ఖాళీ వదిలేయండి.

అపోహ: 1943 సెప్టెంబరుతో (ఇటలీ మిత్రరాజ్యాలకు లొంగిపోయినప్పుడు) ఆల్పీని కథ ముగిసింది.

వాస్తవం: రెండుగా చీలింది. పియెమోంతే బెటాలియన్ మిత్రరాజ్యాల వైపు నిలిచి 1944 మార్చి 31న మోంతే మర్రోనే కొండ ఎక్కింది. ముస్సోలినీ వైపున మోంతెరోజా డివిజన్ జర్మనీలో శిక్షణ పొందింది.

అపోహ: నేటి 8వ రెజిమెంటు 1909 నాటిదే, మార్పు లేదు.

వాస్తవం: జెండా అదే, నిర్మాణం వేరు. అప్పట్లో టొల్మెజ్జో, జెమోనా, చివిదాలే, మూడు బెటాలియన్లు. 1975లో రెజిమెంట్లను ఎత్తేసి ప్రతి బెటాలియన్‌ను సొంతంగా నిలబెట్టారు. 8వ దాని జెండా జెమోనాకు దక్కింది, మిగతావాటికి కొత్త జెండాలు. 1990ల్లో రెజిమెంట్లు మళ్లీ వచ్చినా, సాధారణంగా ఒక్కోదాని కింద ఒక్క బెటాలియనే. అన్నదమ్ములు విడిపోతే తాతపేరు ఒక్కడికే మిగిలినట్టు, పాత నంబరు ఒకరికే. మిగతావాళ్లకు కొత్తవి వెతకాల్సి వచ్చింది, టొల్మెజ్జోకు 14 అలా వచ్చిందే. ఇప్పుడు టొల్మెజ్జో తిరిగి 8వ రెజిమెంటులో ఉంది, వెన్జోనేలో. కాబట్టి 14వ రెజిమెంటు కాగితం ఏదైనా కనబడితే 14 కింద పాత చరిత్ర తవ్వొద్దు, టొల్మెజ్జో పేరుతో 8వ దాని దస్త్రాల్లో వెతకండి.