గోదావరి మొగలో మంచినీరు తగ్గితే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రాంనగర్ మార్కెట్‌లో మంచు మీద చూసిన వెండిరంగు చేప గుర్తుందా? పొట్ట అంచు తడిమితే రంపంలా తగిలింది. సముద్రంలో బతికే ఆ చేప గుడ్లు పెట్టడానికి నదికి ఎందుకు వస్తుందని అడిగారు. అక్కడి సందడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వానాకాలంలో వరద ఎర్రనీరు సముద్రంలో కలిసినప్పుడు ఆ మంచినీటి జాడ పట్టుకుని గోదావరిలోకి ఎదురీదుతుంది. అప్పుడు పులస అంటారు. పుస్తెలమ్మైనా తినాలంటారే, అదే. రుచి సంగతి అలా ఉంచి, దాని ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. ఉప్పునీరు చేప ఒంట్లోని నీటిని లాగేస్తుంది. అందుకే సముద్రంలో అది నీరు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి పంపుతుంది. మంచినీటిలో ఇదంతా తలకిందులు. నీరు తనంతట తానే ఒంట్లోకి చేరుతుంది కాబట్టి దాన్ని మూత్రపిండాలు తోడిపోయాలి, మొప్పలు ఉప్పును నిలుపుకోవాలి. ఇంత మార్పుకు ఉప్పు మెల్లమెల్లగా తగ్గే నీరు కావాలి. అంతర్వేది దగ్గర వశిష్ఠ, యానాం దిగువన గౌతమి సముద్రంలో కలిసే మొగల్లో ఆ నీరు దొరుకుతుంది.

గుడ్లకు మాత్రం మంచినీరే కావాలి. ఒక్కో తల్లి లక్షల్లో పెడుతుంది. నీరు వెచ్చగా ఉండి, పారుతూ, ప్రాణవాయువుకు లోటు లేకపోతే దాదాపు ఒక రోజులోనే పిల్లలు బయటికి వస్తాయి. మురిగిన నీటిలో గుడ్లకు ఊపిరి అందదు. బతికిన పిల్లలు కొన్ని నెలలు నదిలో, మొగల్లో పెరిగి సముద్రానికి వెళ్తాయి.

ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. పులస దారి మాత్రం అక్కడ ఆగింది. గంగమీద 1975లో ఫరక్కా బరాజ్ వచ్చాక, ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఇలస అటువైపు దాదాపు కనుమరుగైంది. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టేది నీటి కొరత. వానలు వెనకబడి, వచ్చిన నీటిని పైనున్న జలాశయాలు ఆపేస్తే మొగలో మంచినీటి ఒరవడి తగ్గి ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది. చేపకు నది జాడే తెలియదు. మన హైదరాబాద్ కూడా ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు తెచ్చుకుంటోంది. తాగడానికి తెచ్చుకోవడం తప్పు కాదు. కానీ సముద్రంలో కలిసే నీరంతా వృథా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మార్కెట్‌లో అరచేతిలో ఇమిడే ఇలసలు కనిపిస్తే నాన్నను కొననివ్వకండి. అవి ఇంకా ఒక్కసారైనా గుడ్లు పెట్టని పిల్లలు. బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్లకు తక్కువున్న వాటిని నవంబరు నుంచి జూన్ వరకు పట్టనివ్వరు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంది. అది సముద్రానికే. పులస నదిలోకి ఎక్కే రోజులు ఆ గడువు దాటాకే వస్తాయి.

మీ తాతయ్య,
హైదరాబాద్