ఉప్పు నిబంధన: అపోహలు - వాస్తవాలు

క్రైస్తవ వేదాంత కళాశాలలో బైబిలు పాత నిబంధన పాఠాలు చెప్పడం నా పని. నిబంధన అంటే దేవుడికీ మనిషికీ మధ్య ఒడంబడిక. లేవీయకాండము గురించి బయటివాళ్లు ఫోను చేసి అడిగేది ఈమధ్య ఒక్కటే: ఉప్పు. "ప్రార్థన చేసిన ఉప్పు గుమ్మం దగ్గర చల్లాలా, కూరలో వేసుకోవాలా?" "ఉప్పు నిబంధన చేసుకుంటే అప్పులు తీరతాయట, నిజమేనా?" అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. కష్టంలో ఉన్నవాళ్లు ఏది దొరికితే అది పట్టుకుంటారు. ప్రార్థన చేసిన ఉప్పు అంటూ ఒక పొట్లం చేతిలో పెట్టి, కానుక పేరుతో డబ్బు తీసుకుంటున్నవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: మనం ఉప్పుతో నిబంధన చేస్తే దేవుడు దానికి కట్టుబడి తీరాలి.

పాత నిబంధనలో నిబంధనను ఉప్పుతో ముడిపెట్టిన చోట్లు మూడే. మూడూ తెరిచి చూడండి.

సంఖ్యాకాండము 18:19. యాజకుల, అంటే బలులు అర్పించేవాళ్ల, మూలపురుషుడైన అహరోను ఇంటివాళ్లకు కనానులో సేద్యానికి భూమి పంచి ఇవ్వలేదు. మరి తినేదెలా? ప్రజలు తెచ్చే అర్పణల్లో వాళ్ల వంతు ఏమిటో ఆ అధ్యాయం చెబుతుంది: ప్రథమఫలాలైన నూనె, ద్రాక్షారసం, ధాన్యం, తొలిచూలు పశువుల మాంసం. ఆ వంతు తరతరాలకూ చెల్లుతుందని చెప్పేటప్పుడే ఉప్పు నిబంధన అన్న మాట వస్తుంది. అంటే భూమి లేని యాజకుల కుటుంబాలకు తిండి భరోసా.

రెండవ దినవృత్తాంతములు 13:5. యూదా రాజు అబీయా యుద్ధానికి ముందు సెమరాయిము కొండ మీద నిలబడి, రాజ్యాన్ని దేవుడు దావీదుకూ అతని సంతతికీ ఉప్పు నిబంధనగా ఇచ్చాడని ఎదుటి పక్షం ఇశ్రాయేలు రాజు యరొబాముకు వినిపిస్తాడు. ఆ రోజు గెలిచింది కూడా అబీయానే. అయితే మొదటి రాజులు 15లో ఇదే రాజుకు దక్కిన తీర్పు ఏమిటి? తండ్రి చేసిన పాపాలన్నీ ఇతనూ చేశాడని. ఉప్పు నిబంధన మీద అంత గొప్పగా ప్రసంగించిన మనిషి సంగతి అది!

ఈ రెండు చోట్లా ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాడు మనిషి. మనిషి ఉప్పు పట్టుకెళ్లి దేవుణ్ణి కట్టిపడేసిన సందర్భం వాటిలో లేదు.

మిగిలింది లేవీయకాండము 2:13. నైవేద్యానికి నిబంధన ఉప్పు తప్పనిసరి. దానికి రెండు వచనాల ముందే పులిసిన పిండినీ తేనెనూ బలిపీఠం మీద దహించవద్దని ఉంది. పులిసిన పిండి, తేనె పదార్థాన్ని మారుస్తాయి, ఉప్పు చెడకుండా నిలుపుతుంది. అందుకే అది నిలకడకు గుర్తయిందని వ్యాఖ్యాతల్లో చాలామంది వివరణ. మా అమ్మమ్మ ఊరగాయ జాడీ దగ్గర నిలబడి ఉప్పు తగ్గితే కోడళ్లను కోప్పడే తీరు చూసినవాళ్లకు ఈ వివరణ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆ ఉప్పు మంత్రించినదేమీ కాదు. దేవాలయంలో అది బస్తాల లెక్కన ఖర్చయ్యే సరుకు. ఎజ్రా 7:22 చూడండి: పారసీక రాజు అర్తహషస్త యెరూషలేము దేవాలయానికి గోధుమలు, ద్రాక్షారసం, నూనె వందేసి కొలతలకు మించకుండా ఇమ్మన్నాడు. ఉప్పుకు మాత్రం హద్దు పెట్టలేదు. బలిపీఠం ఎక్కే వాలుదారిలో కాలు జారకుండా యాజకులు ఉప్పు చల్లుకోవచ్చని మిష్నాలో, అంటే యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనంలో, ఉంది. పాదాల కింద పడ్డ ఆ ఉప్పును ఎవరూ పొట్లాలు కట్టలేదు.

రెండేళ్ల కిందట ఒకావిడ మా ఇంటికి వచ్చి ఏడ్చింది. వానకు ఇల్లు కారి, దూలం మీద దాచిన ఉప్పు పొట్లం కరిగిపోయిందట. ఆ నెలలోనే కూతురి సంబంధం తప్పిపోయింది. నిబంధన భంగమైంది కాబట్టి మళ్లీ కొత్త పొట్లం, కొత్త కానుక కావాలని ఆవిడకు చెప్పారు. నేను వాదించలేదు. సంఖ్యాకాండము తెరిచి, ఆ అధ్యాయం ఆవిడ చేతనే పైకి చదివించాను.

"అయ్యగారూ, ఇందులో మా ఇంటి మాట ఎక్కడా లేదేమిటి?"

"లేదమ్మా. ఇదంతా యాజకుల భోజనం సంగతి."

కాసేపాగి అడిగింది: "మరి నేనిచ్చిన డబ్బులు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇచ్చినవాళ్లను గట్టిగా అడగమన్నాను. అడిగిందో లేదో తెలియదు.

ఇక తక్కినవి గబగబా.

అపోహ: పెళ్లిలో వధూవరులు ఉప్పు కలపడం బైబిలు ఆచారం. కాదు. రెండు సంచుల ఉప్పు కలిపితే ఏ రేణువు ఎవరిదో వేరు చేయలేరన్న కథ ప్రసంగాల్లో బాగా పండుతుంది, కానీ బైబిలులో లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లల పెళ్లిలో చేయించవచ్చా అని అడుగుతుంటారు. ముచ్చటపడితే చేసుకోండి, నిబంధన అని మాత్రం అనకండి.

అపోహ: ఉప్పు తినడం అంటే ఎప్పుడూ భక్తి సంబంధమే. ఎజ్రా 4:14లో రాజు ఉప్పు తిన్నవాళ్లమని చెప్పుకున్న అధికారులు రాసింది యెరూషలేము కట్టడాన్ని ఆపించే ఫిర్యాదు. కొలువు చేసే చోట విధేయత చూపించుకోవడమే అది.

అపోహ: ఉప్పు ఎప్పుడూ ఆశీర్వాదమే. అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి ఉప్పు చల్లించాడు (న్యాయాధిపతులు 9:45). ప్రవక్త ఎలీషా అదే ఉప్పు వేసి యెరికో నీళ్లు బాగుచేశాడు. సందర్భం చూడకుండా అర్థం చెప్పకండి.

అపోహ: ప్రార్థన చేసిన ఉప్పుకు బీపీ పెరగదు. ఇదీ అడిగారు, అదీ బీపీ మాత్రలు వేసుకుంటున్న పెద్దాయన. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు వాడమంటోంది. పొట్లంలోని ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. డాక్టరు తగ్గించమంటే తగ్గించండి.