ఓవర్‌ట్రైనింగ్ నిజంగా ఉందా? జిమ్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

గాజువాకలో బరువులు ఎత్తడం నేర్పుతుంటాను. "అన్నా, ఓవర్‌ట్రైనింగ్ (ఒళ్లు కోలుకోలేనంతగా సాధన చేయడం) అయిపోయిందేమో" అని కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. ఆ భయంతో బాగా సాగుతున్న సాధన మానేసేవాళ్లని చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

అపోహ: వారానికి నాలుగు రోజులు దాటితే ఓవర్‌ట్రైనింగే.

వాస్తవం: రోజుల లెక్క ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ స్థాయి లిఫ్టర్లు రోజుకి రెండు పూటలా సాధన చేయడం మామూలే. కాకపోతే వాళ్లు ఏళ్ల తరబడి మెల్లగా పెంచుకుంటూ అక్కడికి చేరతారు.

అపోహ: ఒళ్లు నొప్పులు ఉన్నాయంటే శృతి మించినట్టే.

వాస్తవం: కొత్త వ్యాయామం చేశాక రెండు మూడు రోజులు కండలు పట్టేయడం సహజం.

అపోహ: ఓవర్‌ట్రైనింగ్ అనేదే లేదు, బాగా తింటే చాలు.

వాస్తవం: ఉంది, కానీ అరుదు. యూరప్ క్రీడా శాస్త్ర సంస్థ, అమెరికా క్రీడా వైద్య సంస్థ 2013లో కలిసి ఇచ్చిన ప్రకటన దీన్ని మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టులో కొన్నాళ్లు బలం తగ్గి, విశ్రాంతి ఇస్తే ఇంకాస్త పెరుగుతుంది. రెండోదాంట్లో కోలుకోవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. చివరిదే అసలు ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్, దాన్నుంచి బయటపడాలంటే చాలా నెలలు కావాలి. అది పరుగు, సైక్లింగ్ లాంటి ఆటల్లోనే ఎక్కువగా కనిపించింది. బరువుల్లో ఆధారాలు తక్కువే. అలాగని హద్దు లేదనుకోవద్దు. 1994 నాటి ఒక అమెరికన్ పరిశోధనలో రెండు వారాల పాటు రోజూ గరిష్ఠ బరువుతో స్క్వాట్ (బరువు మోస్తూ గుంజీ) చేయిస్తే బలం స్పష్టంగా పడిపోయింది.

మన దగ్గర నేను ఎక్కువగా చూసేది వేరు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసే ఒక తమ్ముడి నోట్‌బుక్కే చూడండి: 80 కిలోల స్క్వాట్ ఐదు రెప్స్ (వరుసగా ఐదుసార్లు) వచ్చేది, సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) పడ్డాక మూడో రెప్‌కే ఆగిపోతున్నాడు. పగలు నాలుగు గంటల నిద్ర, కటింగ్ (కొవ్వు తగ్గించడం) పేరుతో రాత్రి అన్నం బంద్, పైగా ఆర్కే బీచ్‌లో పరుగు. జిమ్ మాన్పించలేదు. సెట్లు సగానికి తగ్గించి, అన్నం మళ్లీ పెట్టించి, పరుగు ఆపించాం. రెండు వారాలకి ఐదు రెప్స్ తిరిగొచ్చాయి. అందుకే అద్దం కన్నా నోట్‌బుక్‌ని నమ్మమంటాను.

అపోహ: ఎంత నొప్పి ఉంటే అంత కండ.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన మాట. చాన్నాళ్లు మానేసి వచ్చి, మే నెల ఉక్కపోతలో ఒకేసారి వందల రెప్స్ కొడితే కండ విచ్ఛిన్నమై కిడ్నీలు దెబ్బతినవచ్చు. దీన్ని రాబ్డోమయోలసిస్ అంటారు. కండ విపరీతంగా వాచి, మూత్రం కోలా రంగులో వస్తే నీళ్లు తాగి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

విశ్రాంతి ఇచ్చినా నీరసం వారాల తరబడి వదలకపోతే మీ అంతట మీరే ఓవర్‌ట్రైనింగ్ అని తేల్చుకోకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. డాక్టరు కూడా మిగతా జబ్బులు కావని తేలాకే ఆ మాట అంటారు.