కోత వంకర పోతే మెషీన్ మార్చకండి: స్క్రోల్ సా అపోహలు - వాస్తవాలు

"రంపం వంకర కోస్తోందండీ, ఇంకాస్త మంచి మెషీన్ తీసుకోమంటారా?"

స్క్రోల్ సా, అంటే సన్నటి బ్లేడ్ పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే కరెంటు రంపం, కొన్న మొదటి రెండు మూడు నెలల్లో దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. గీత మీద మొదలుపెట్టిన కోత అంగుళం తిరక్కుండానే పక్కకి జారుతుంది. గట్టిగా తిప్పి గీత మీదకి తెద్దామంటే బ్లేడ్ టప్పున తెగుతుంది. "నా చెయ్యి నిలకడ లేదు, ఈ పని నాకు రాదేమో" అని ఒకరు మానేస్తారు, ఇంకొకరు రెట్టింపు డబ్బు పోసి పెద్ద మెషీన్ కొంటారు. కొత్త మెషీన్ మీద కూడా కోత అలాగే జారుతుంది. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

అపోహ: గీత తప్పుతోందంటే మెషీన్‌లో లోపం ఉంది, లేదా నా చేతిలో లోపం ఉంది.

వాస్తవం: ఎక్కువసార్లు ఈ రెండూ కాదు. మామూలు స్క్రోల్ సా బ్లేడ్ తయారయ్యేటప్పుడు పళ్ళకి ఒక పక్క సన్నటి గరుకు అంచు మిగిలిపోతుంది. కంటికి కనబడదు, వేలికీ సరిగ్గా తెలియదు. కానీ ఆ పక్క పళ్ళు కాస్త ఎక్కువ కొరుకుతాయి, కాబట్టి బ్లేడ్ ఆ వైపుకే లాగుతుంది. సాధారణంగా అది కుడివైపు. అందువల్ల చెక్కని నిటారుగా ముందుకి తోస్తే కోత నిటారుగా రాదు. చెక్కని 3 నుంచి 5 డిగ్రీలు ఓరగా పట్టుకుని తోస్తేనే కోత గీత వెంట నడుస్తుంది. అరగదీసి పళ్ళు తీర్చిన ఖరీదైన బ్లేడ్లలో ఈ లాగుడు బాగా తక్కువ. మామూలువాటిలో మాత్రం ఉండి తీరుతుంది.

ఆ ఓర ఎంతో మీ బ్లేడే చెబుతుంది. 12 మి.మీ. మందం ఉన్న వృథా ముక్క తీసుకుని అంచుకి సమాంతరంగా ఒక తిన్నని గీత గీయండి. దేని ఆసరా లేకుండా, రెండు చేతులతో, గీత వెంట మెల్లగా కోయండి. అయిదారు సెంటీమీటర్లు గీత తప్పకుండా వెళ్ళాక చెక్కని కదపకుండా మెషీన్ ఆపండి. ఇప్పుడు చెక్క అంచునీ మెషీన్ బల్ల అంచునీ పోల్చి చూడండి. రెండూ సమాంతరంగా ఉండవు. ఆ తేడానే మీ బ్లేడ్ కోరే ఓర. వచ్చే పదిసార్లు ఆ కోణంతోనే మొదలుపెడితే తర్వాత చెయ్యి దానంతటదే ఆ వాలు పట్టుకుంటుంది.

బల్ల మీద తిన్నని పట్టీ బిగించి దాని ఆసరాతో కోద్దామనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. పట్టీ చెక్కని ఒకవైపు నడిపిస్తుంది, బ్లేడ్ ఇంకోవైపు లాగుతుంది. మధ్యలో బ్లేడ్ మెలి తిరిగి తెగుతుంది. తిన్నని కోతలు కావాలంటే వేరే రంపం వాడండి, స్క్రోల్ సా వంపుల కోసం పుట్టింది.

ఇంతవరకూ చెప్పింది గీత తప్పడం గురించి. అంచు వాలుగా రావడం వేరే జబ్బు. పై మొహం గీత మీదే ఉంటుంది, ముక్క తిప్పి చూస్తే కింద బొమ్మ చిన్నదిగానో పెద్దదిగానో ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేసి "వంకర" అంటే మందు దొరకదు. దీనికీ ఒక పరీక్ష ఉంది. 18 మి.మీ. చెక్కలో 40 మి.మీ. వ్యాసంతో గుండ్రటి బిళ్ళ ఒకటి కోయండి. బిళ్ళ పైనుంచి మాత్రమే, లేదా కిందనుంచి మాత్రమే ఊడి వస్తోందా? బల్ల వాలిందన్నమాట. రెండు వైపులా ఇరుక్కుంటోందా, బిళ్ళ అంచు నడుమ దగ్గర ఉబ్బిందా? బ్లేడ్ బిగువు చాలలేదు, లేదా మీరు ఎక్కువగా తోస్తున్నారు.

బల్ల వాలు సరిచేసేటప్పుడు మెషీన్ మీద ఉండే డిగ్రీల ముల్లుని నమ్మకండి. చిన్న మూలమట్టాన్ని బల్ల మీద పెట్టి, బ్లేడ్‌కి ఆనించి, మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి. మూలమట్టం లేకపోతే 40 మి.మీ. మందం ముక్క అంచులో రెండు మి.మీ. లోతు గాటు పెట్టండి. మెషీన్ ఆపి, ముక్కని బల్ల మీదే జరిపి బ్లేడ్ వెనక్కి తీసుకెళ్ళి, అదే గాటులోకి బ్లేడ్ వీపుని దూర్చండి. పై నుంచి కింద దాకా తడబడకుండా దూరితే బల్ల 90 డిగ్రీల్లో ఉంది. పైన దూరి కింద తగిలితే వాలు ఉంది. ముల్లు సున్నా దగ్గర ఉందా లేదా అన్నది తర్వాతి మాట.

ఇక బిగువు. కొత్తవాళ్ళలో ఎక్కువమంది బ్లేడ్‌ని వదులుగా ఉంచుతారు, గట్టిగా బిగిస్తే తెగుతుందన్న భయంతో. వదులు బ్లేడే ముందు తెగుతుంది. వేలితో మీటితే వీణ తీగలా ఖణేల్మనాలి. దబ్ మంటే చాలదు. పక్కనుంచి వేలితో నొక్కితే 3 మి.మీ. కంటే ఎక్కువ కదలకూడదు. కొత్త బ్లేడ్ మొదటి నిమిషంలో కాస్త సాగుతుంది కాబట్టి ఒకసారి ఆపి మళ్ళీ బిగించుకోవాలి.

బిగించిన బ్లేడ్ పట్టులోంచి (కొసని పట్టి ఉంచే క్లాంపులోంచి) జారిపోతోందని ఇంకో ఫిర్యాదు. అది కూడా మెషీన్ తప్పు అనుకుంటారు. కొత్త బ్లేడ్లు తుప్పు పట్టకుండా పల్చగా నూనె పూసి వస్తాయి. రెండు కొసల్నీ మడిచిన ఉప్పుకాగితం మధ్య పెట్టి రెండుసార్లు లాగి, పొడిగుడ్డతో తుడిస్తే జారడం ఆగుతుంది. పట్టు స్క్రూ మొన అరిగి నున్నబడినా జారుతుంది, దాన్నీ ఉప్పుకాగితంతో కాస్త గరుకు చేయండి. పానాతో బలమంతా పెట్టి బిగిస్తే పట్టు మరలు పాడవుతాయి, అప్పుడు నిజంగానే విడిభాగం కొనాల్సి వస్తుంది.

తోపుడు సంగతి మరీ ముఖ్యం. కోస్తూ కోస్తూ ఒక్క క్షణం తోయడం ఆపి, చేతులు వదులు చేయండి. చెక్క దానంతటదే మీ వైపు రెండు మి.మీ. వెనక్కి జరిగిందా? అంటే అప్పటిదాకా మీ తోపుడుకి బ్లేడ్ విల్లులా వెనక్కి వంగి ఉంది. వంగిన బ్లేడ్ తిన్నగా కోయలేదు, మలుపు దగ్గర పక్కకి మెలికపడుతుంది. బ్లేడ్ కోరినంత వేగంతోనే చెక్కని అందించాలి. మలుపు వచ్చినప్పుడు ముందుకి తోయకుండా బ్లేడ్ చుట్టూ చెక్కని తిప్పాలి.

"తోయకపోతే కదలడం లేదండీ" అంటారా? అయితే బ్లేడ్ మొద్దుబారింది.

డబ్బు ఎక్కువ పోయే రెండో అపోహ ఇదే: బ్లేడ్ తెగేదాకా వాడుకోవచ్చు. వాడకూడదు. 18 మి.మీ. గట్టి కర్రలో ఒక బ్లేడ్ 15, 20 నిమిషాలు పదునుగా ఉంటే అది తన పని చేసినట్టే. మెత్తటి కర్రలో అరగంట పైన రావచ్చు. ప్లైవుడ్‌లో ప్రతి పొరా జిగురుతో అతికి ఉంటుంది, ఆ ఎండిన జిగురు పళ్ళని తినేస్తుంది. టేకు చేతికి మెత్తగా అనిపించినా దానిలో ఇసుక జాతి సిలికా ఉంటుంది, అదీ అంతే. అంచు నల్లబడి కాలిన వాసన వస్తోందన్నా, గీత మీద నిలబడడానికి చెయ్యి బిగుసుకుంటోందన్నా బ్లేడ్ మార్చండి. బ్లేడ్లు డజన్ల లెక్కన అమ్మేది అందుకే. ఒక బ్లేడ్ ఆదా చేయబోయి నాలుగు గంటలు కోసిన జాలీ (చిల్లుల నగిషీ పలక) పాడుచేసుకోవడం లాభం కాదు.

నంబరు కూడా చూసుకోవాలి. నంబరు పెరిగేకొద్దీ బ్లేడ్ వెడల్పు, పంటి పరిమాణం పెరుగుతాయి. 3 నుంచి 6 మి.మీ. ప్లైకి 1 లేదా 3, 12 నుంచి 20 మి.మీ. చెక్కకి 5, అంగుళం వరకూ 7, అంతకు మించితే 9 లేదా 12. మొదటిసారి ఒక్క డజనే కొనాలనుకుంటే 5 నంబరు తీసుకోండి. కొత్తవాళ్ళు సన్న బొమ్మ కనబడగానే 2/0 లాంటి వెంట్రుక బ్లేడ్ తెచ్చి 18 మి.మీ. చెక్కలో పెడతారు. అది తెగడానికి మీ చెయ్యి కారణం కాదు.

పళ్ళు కిందికి, మీ వైపుకి ఉండాలి. ప్లగ్ తీసేసి, వేలిని పళ్ళ మీద మెల్లగా పైకి నిమిరితే గుచ్చుకోవాలి. తలకిందులుగా పెడితే ప్రతి దెబ్బకీ చెక్క ఎగిరి బల్లని కొడుతుంది. ఆ చప్పుడుకి భయపడి మెషీన్ వెనక్కి పంపేసినవాళ్ళున్నారు. రివర్స్ టూత్ బ్లేడ్ అయితే కింది కొస దగ్గర కొన్ని పళ్ళు పైకి తిరిగి ఉంటాయి, అవి చెక్క అడుగున చీలికలు లేవకుండా చూస్తాయి. బ్లేడ్ పూర్తిగా పైకి లేచినప్పుడు ఆ తిరుగుడు పళ్ళు రెండు మూడే బల్ల పైకి కనబడాలి. అంతకన్నా ఎక్కువ కనిపిస్తే కింది కొసని కాస్త కత్తిరించి దించుకోండి. ఇది సరిగ్గా కుదిరితే అడుగు అంచుకి ఉప్పుకాగితం పని చాలావరకు తప్పుతుంది.

మరి మెషీన్ విషయంలో చూడాల్సింది ఏమీ లేదా? ఒకటుంది, కొనేముందే చూడాలి. కొన్ని చవక మెషీన్లు కొసల్లో అడ్డపుల్ల ఉండే పిన్ బ్లేడ్లే పట్టుకుంటాయి. బొమ్మ లోపలి భాగం కోయడానికి ఆ పుల్ల దూరాలంటే చెక్కలో దాదాపు 5 మి.మీ. రంధ్రం చేయాలి. జాలీ పనిలో అంత చోటు ఉండదు. పిన్ లేని 5 అంగుళాల బ్లేడ్ అయితే ఒకటిన్నర మి.మీ. రంధ్రంలోంచి దూరుతుంది. "పిన్ లేని బ్లేడ్ పడుతుందా?" అని అడిగి, పట్టు చూపించమని, ఆ తర్వాతే డబ్బు కట్టండి. తెచ్చాక మెషీన్‌ని బరువైన బల్లకి బోల్టులతో బిగించండి. అదురు తగ్గితే సగం దిగులు పోతుంది.

మిగతావి గబగబా.

వేగం ఎంత ఎక్కువైతే అంత నున్నగా వస్తుందని అంటారు. చెక్కలో కొంతవరకు నిజమే. యాక్రిలిక్‌లో మాత్రం వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి కోత వెనకాలే అతుక్కుపోతుంది. దానికి వేగం తగ్గించి, పైన ప్యాకింగ్ టేపు అంటించి, పెద్ద పళ్ళ బ్లేడ్ వాడండి. గట్టి కర్రలో అంచు మాడకుండా కూడా ఈ టేపు బాగా పనికొస్తుంది.

కొండపల్లి తెల్లపొణికి కర్ర, ఏటికొప్పాక అంకుడు కర్ర తెస్తేనే బొమ్మలు బాగుంటాయనుకుంటారు. తెల్లపొణికి చేత్తో చెక్కే పనిది, అంకుడు లేత్ మీద తిప్పి లక్క పట్టించే పనిది. స్క్రోల్ సా నేర్చుకోవడానికి 6 మి.మీ. మంచి ప్లై చాలు. కొనేటప్పుడు అంచు చూడండి. పొరల మధ్య సందులు కనబడితే వద్దు, సరిగ్గా మీ సన్నని తీగ బొమ్మ దగ్గరే ఆ సందు బయటపడుతుంది.

ప్రమాదం లేని రంపం అన్నది సగం నిజం. వేలు ఊడడం అరుదు, కానీ తగిలితే లోతుగా తెగుతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ధూళితో. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మెషీన్‌కి ఉండే చిన్న గాలిగొట్టం గీత కనబడేలా పొట్టుని ఊదుతుందే తప్ప దాన్ని గదిలోంచి తీసేయదు. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసే పలక) కోస్తే ధూళి ఇంకా సన్నం, అందులోని జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఎన్95 మాస్కు పెట్టుకోండి, ముక్కుకి రుమాలు కడితే చాలదు. పిల్లలు పడుకునే గదిలో ఈ పని పెట్టకండి.

చివరిగా, మన తెలుగువాళ్ళకే వచ్చే చిక్కు ఒకటి. ఏదో ఒక ఫాంట్‌లో పేరు ప్రింట్ తీసి అంటించి కోసేస్తే నేమ్‌ప్లేట్ అయిపోతుందనుకుంటారు. ఇంగ్లీషు పెద్దక్షరాలు చాలావరకు ఒక్కొక్కటీ ఒకే ముక్క. మన అక్షరాలు అలా కాదు. "స్వాగతం" తీసుకోండి. కింద వ వత్తు విడిగా వేలాడుతుంది, చివర సున్న విడిగా ఉంటుంది, చాలా ఫాంట్లలో తలకట్లు కూడా అక్షరానికి తగలవు. అక్షరాల్ని మిగిల్చి చుట్టూ కోసేస్తే ఇవన్నీ విడివిడి ముక్కలై చేతిలోకి వస్తాయి. అక్షరాల్ని కోసి తీసేసి పలకని మిగిల్చితే సున్న నడుమ ఉన్న బిళ్ళ రాలిపోతుంది.

కాబట్టి కోయకముందే కాగితం మీద వంతెనలు గీయండి. వత్తుని పై అక్షరానికి, సున్నని పక్క అక్షరానికి, తలకట్టుని దాని ఒంటికి కలపండి. 6 మి.మీ. ప్లైలో వంతెన వెడల్పు 3 మి.మీ. కంటే తగ్గకూడదు. ప్లై కాకుండా అచ్చమైన కర్ర పలక అయితే నార వంతెన పొడుగునా వెళ్ళాలి. అడ్డంగా వెళ్తే ఉప్పుకాగితం పెట్టగానే పుటుక్కుమంటుంది. ముందు లోపలి రంధ్రాలన్నీ కోయండి, వాటిలోనూ చిన్నవి మొదట, పెద్దవి తర్వాత. బయటి గీత అన్నిటికంటే చివర, ఎందుకంటే అప్పటిదాకా చెక్కని పట్టుకోవడానికి మీ వేళ్ళకి చోటు ఉండాలి.